ఖాతా ఖాళీగా ఉన్న రోజున ఈఎంఐ వస్తే ఏ దారి చవక?

రణస్థలం, పైడిభీమవరం వైపు కంపెనీల్లో చేసేవాళ్లకి ప్రతి నెలా ఒకటే తంటా. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇస్తే చాలంటుంది చట్టం. బండి ఫైనాన్స్ వాయిదా మాత్రం 3నో 5నో కోసేస్తారు. సంపాదన చాలకపోవడం ఒక ఇబ్బంది. డబ్బు వస్తుందని తెలిసి కూడా నాలుగు రోజుల తేడాకి జరిమానా కట్టుకోవడం ఇంకో ఇబ్బంది. మొదటిదానికి ఇక్కడ మందు లేదు. రెండోదాన్ని మాత్రం చాలావరకు తప్పించుకోవచ్చు.

ఇలాంటప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనవాళ్లు పట్టే దారులు రకరకాలు. ఎవరినైనా చేబదులు అడగడం, డ్వాక్రా సంఘంలో తీసుకోవడం, నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవడం, బంగారం పెట్టడం, ఫోన్‌లో లోన్ యాప్ నొక్కడం, లేదా "పోనీలే, బౌన్స్ అయితే అయింది" అని వదిలేయడం. చాలామంది వడ్డీకి భయపడి ఆఖరిది ఎంచుకుంటారు. లెక్క వేస్తే దాదాపు అన్నిటికన్నా ఖరీదైనది అదే.

## ముందు ఏమేం కోస్తారో చూద్దాం

| కోత | ఎప్పుడు | సుమారుగా ఎంత |
|---|---|---|
| మ్యాండేట్ (వాయిదా నేరుగా ఖాతాలోంచి కోసుకోమని మీరిచ్చిన అనుమతి) రిటర్న్ చార్జీ, మీ బ్యాంకుది | ఈఎంఐకి నిల్వ చాలనప్పుడు, వచ్చిన ప్రతిసారీ | ఎస్‌బీఐలో 250, జీఎస్‌టీ కలిపి 295. ప్రైవేటు బ్యాంకుల్లో జీఎస్‌టీ కలిపి 590 దాకా |
| బౌన్స్ చార్జీ (ఫైనాన్స్ కంపెనీ) | అదే రోజు, అదే కారణానికి | కంపెనీని బట్టి. 400–600 మామూలే, జీఎస్‌టీ అదనం |
| ఆలస్య రుసుం | కట్టేదాకా | ఒప్పందంలో రాసినట్టు |
| మినిమమ్ బ్యాలెన్స్ కోత | నెల సగటు నిల్వ తగ్గితే | బ్యాంకుని బట్టి. చాలా ప్రభుత్వ బ్యాంకుల్లో ఇప్పుడు లేదు |
| ఏటీఎంలో డబ్బు లేక తిరస్కరణ | కార్డు పెట్టి, ఉన్నదానికన్నా ఎక్కువ కొడితే | 20 చుట్టూ, జీఎస్‌టీ అదనం |
| ఉచితం దాటిన ఏటీఎం వాడకం | సొంత బ్యాంకులో 5, మన ఊళ్లలో వేరే బ్యాంకువి 5 దాటాక | 2025 మే 1 నుంచి గరిష్ఠంగా 23, పన్ను అదనం |

ఇందులో అసలు దెబ్బ మొదటి రెండు వరుసలదే. ఒకే తప్పుకి ఇద్దరు కోస్తారు. పైగా కంపెనీ అదే వాయిదాని ఆ నెలలోనే రెండోసారి, మూడోసారి కూడా పంపవచ్చు. పంపిన ప్రతిసారీ మీ బ్యాంకు మళ్లీ కోస్తుంది.

ఒక పాస్‌బుక్ పేజీ ఊహించుకుని లెక్క చూద్దాం. 4వ తేదీ రాత్రి నిల్వ 2,910. 5న 3,500 వాయిదా వచ్చింది, చాలక వెనక్కి పోయింది, చార్జీ 295. నిల్వ 2,615. 8న కంపెనీ మళ్లీ పంపింది. కాంట్రాక్టర్ జీతం ఇంకా వేయలేదు, మళ్లీ వెనక్కి, మళ్లీ 295. నిల్వ 2,320. 9న జీతం పడింది, వాయిదా కట్టేశారు. కంపెనీ తన బౌన్స్ చార్జీ 500, జీఎస్‌టీతో 590, ఖాతాలో రాసుకుంది. మొత్తం జరిమానా 1,180. 4వ తేదీ రాత్రి తక్కువైంది ఎంత? 590. సరిగ్గా తక్కువైనదానికి రెట్టింపు పోయింది.

ఖాతాలో చార్జీకి కూడా డబ్బు లేకపోతే అంతటితో వదలరు. ఆ మొత్తాన్ని బాకీగా పెట్టుకుని, తర్వాత ఏ డబ్బు పడినా ముందు అది లాగేస్తారు. వచ్చే నెల వాయిదాకి మళ్లీ కొరత అలా మొదలవుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

శాతాలు పక్కన పెట్టి రూపాయల్లో చూడండి. కొద్ది మొత్తానికి, కొద్ది రోజులకి వడ్డీ రేటు పెద్ద విషయం కాదు, ఒకేసారి పడే చార్జీ పెద్ద విషయం. 3,500 వాయిదాకి, వారం తేడాకి వెయ్యి రూపాయలు పోతే అది నూటికి 28 రూపాయల వడ్డీ, అదీ వారానికి. ఊళ్లో ఎంత కసాయి వడ్డీ వ్యాపారి కూడా అంత అడగడు.

రెండోది, డబ్బు ఎన్ని గంటల్లో ఖాతాలో పడుతుంది అన్నది. ముందు రోజు సాయంత్రానికి పడని డబ్బు ఎంత చవకదైనా పనికిరాదు. మూడోది సిబిల్, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డు. రుణ సంస్థలు ఇప్పుడు కనీసం 15 రోజులకోసారి వివరాలు పంపాలి, కాబట్టి ఆలస్యం దాగదు. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: ఈ నెల గండం గట్టెక్కించిన దారి వచ్చే నెలకి కొత్త గండం తెస్తుందా?

ఇక పరువు సంగతి. తెలిసినవాళ్లని అడగడానికి మొహం చెల్లక బౌన్స్ కానిచ్చేవాళ్లు ఎందరో. ఆ మొహమాటానికి వెల కట్టాలంటే పై లెక్కలో 1,180. అది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి.

## ఏ ఖాతా మంచిది

మినిమమ్ బ్యాలెన్స్ విషయంలో రోజులు మారాయి. ఎస్‌బీఐ 2020 మార్చిలోనే పొదుపు ఖాతాలకి ఆ నిబంధన తీసేసింది. కెనరా బ్యాంకు 2025 జూన్ 1 నుంచి, పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా జూలై 1 నుంచి, ఇండియన్ బ్యాంకు జూలై 7 నుంచి కోత ఆపేశాయి. ఇది పొదుపు ఖాతాలకే. దుకాణం పేరున ఉన్న కరెంట్ అకౌంట్‌కి ఈ మాఫీ ఉందనుకోకండి.

ప్రైవేటు బ్యాంకుల్లో పద్ధతి వేరు. ఐసీఐసీఐ 2025 ఆగస్టులో పట్టణాల కొత్త ఖాతాలకి 50,000 అని, గోల అయ్యాక 15,000కి తగ్గింది. సెమీ అర్బన్‌లో 7,500, పల్లెల్లో 2,500. ఇక్కడ మనవాళ్లు చూసుకోని మెలిక ఒకటి ఉంది. లక్ష జనాభా దాటిన ఊరు బ్యాంకుల లెక్కలో అర్బన్. విజయనగరం 2011 జనాభా లెక్కలకే రెండు లక్షలు దాటింది. బొబ్బిలి అప్పటికి లక్ష లోపే, అంటే సెమీ అర్బన్. కాబట్టి ఒకే బ్యాంకులో ఖాతా విజయనగరం గంటస్తంభం దగ్గర తెరిచారా, బొబ్బిలిలో తెరిచారా అన్నదాన్ని బట్టి ఉంచాల్సిన నిల్వ సగానికి సగం తేడా రావచ్చు.

నిల్వ తగ్గితే వెంటనే కోయడానికి వీల్లేదు. ముందు కబురు చెప్పాలి, భర్తీ చేసుకోడానికి కనీసం నెల గడువు ఇవ్వాలి, తగ్గినంత మేరకే కోయాలి. ఈ ఒక్క కోత వల్ల ఖాతా సున్నా కిందకి వెళ్లకూడదు. ఇది 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన. మ్యాండేట్ రిటర్న్ చార్జీకి మాత్రం ఈ రక్షణ లేదు.

జీతం ఖాతా. జీతం పడుతున్నన్నాళ్లూ జీరో బ్యాలెన్స్. కాంట్రాక్టర్ మారి జీతం వేరే బ్యాంకుకి వెళ్లడం మొదలైతే, కొన్ని నెలలకి పాతది మామూలు ఖాతాగా మారిపోయి నిల్వ అడుగుతుంది. ఫార్మా కంపెనీల చుట్టుపక్కల ఇలా వదిలేసిన ప్రైవేటు బ్యాంకు ఖాతాలు చాలామందికి ఉంటాయి. పని మానేసిన నెలలోనే దాన్ని మూసేయడం మేలు. రెండేళ్లు లావాదేవీ లేక నిద్రపోయిన ఖాతాకి 2024 ఏప్రిల్ నుంచి నిల్వ జరిమానా వేయకూడదు, తిరిగి తెరవడానికీ చార్జీ ఉండకూడదు. కానీ ఆ రెండేళ్ల లోపు వేయవచ్చు.

బేసిక్ సేవింగ్స్ ఖాతా, జన్‌ధన్ ఖాతా. నిల్వ అక్కర్లేదు, కార్డుకి ఏటా ఫీజు లేదు, నెలకి కనీసం 4 సార్లు ఉచితంగా తీసుకోవచ్చు. మామూలు ఎస్‌బీఐ క్లాసిక్ కార్డుకి ఏటా 236 పోతుంది కదా, అది ఇక్కడ మిగులుతుంది. ఒక బ్యాంకులో ఇది ఉంటే అదే బ్యాంకులో ఇంకో పొదుపు ఖాతా ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో జన్‌ధన్ ఖాతా ఉన్నవాళ్లది 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఖాతా. పాస్‌బుక్ మార్పించుకోకపోతే ఈసారి వెళ్లినప్పుడు మార్పించుకోండి.

### ఒకే ఖాతానా, రెండా

నన్ను అడిగేవాళ్లలో సగం మంది ప్రశ్న ఇదే. జీతం, పథకాల డబ్బు పడే ఖాతా ఒకటి, ఈఎంఐ తెగే ఖాతా ఇంకోటి పెట్టుకోవాలా, అన్నీ ఒకదాంట్లోనేనా?

రెండు పెట్టుకుంటే లాభం స్పష్టం. తల్లికి వందనం కింద బడికెళ్లే పిల్లకి 13,000 పడింది అనుకోండి. అదే ఖాతాలో పాత రిటర్న్ చార్జీలు బాకీ ఉంటే ముందు అవి పోతాయి. వేరే ఖాతా అయితే ఆ డబ్బు జోలికి ఆ చార్జీ రాదు. టీ, ఆటో, కూరగాయలకి యూపీఐ కొట్టి కొట్టి ఈఎంఐ డబ్బు కరిగిపోయే గొడవా ఉండదు. నెల మధ్యలో చేతికి వచ్చిన ప్రతి అయిదు వందలూ ఈఎంఐ ఖాతాలో వేసేస్తే, దాని కార్డు ఇంట్లో బీరువాలో ఉంటే, 5వ తేదీ టెన్షన్ సగం పోతుంది.

నష్టమూ ఉంది. డబ్బు ఇటు నుంచి అటు మార్చడం మర్చిపోతే, ఒక ఖాతాలో పదివేలు ఉండగానే ఇంకో ఖాతాలో బౌన్స్ అవుతుంది. మర్చిపోయే అలవాటున్నవాళ్లకీ, ఫోన్ పిల్లల చేతిలో ఉండేవాళ్లకీ, ఊరికి దూరంగా సముద్రం మీదో సైట్ మీదో ఉండేవాళ్లకీ ఒకే ఖాతా మేలని నా అభిప్రాయం. మిగతా అందరికీ రెండు. మూడు మాత్రం ఎవరికీ వద్దు.

రెండు పెట్టుకునేవాళ్లు ఆధార్ సంగతి మర్చిపోవద్దు. ప్రభుత్వ డబ్బు, ఉపాధి హామీ కూలీ ఆధార్‌తో చివరగా అనుసంధానమైన ఖాతాకే వెళ్తాయి. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో ఆ గడికి టిక్ పెట్టేస్తే డబ్బు అటు మళ్లిపోతుంది, మీరు పాత ఖాతా పట్టుకుని సచివాలయం చుట్టూ తిరుగుతారు. ఏ బ్యాంకుకి లింక్ అయి ఉందో మైఆధార్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

## తేదీ మార్పు: అందరూ వదిలేసే చవక దారి

ఏటా పన్నెండు సార్లు వచ్చే కొరతకి పన్నెండు సార్లు అప్పు చేయడం కన్నా, వాయిదా తేదీని జీతం తర్వాతకి జరపడం మేలు కదా. చాలా ఫైనాన్స్ కంపెనీలు 5, 10, 15 లాంటి తేదీల్లో ఒకటి ఎంచుకోనిస్తాయి, రుణం మధ్యలో ఒకసారి మార్చనిస్తాయి. జరిగిన రోజులకి కొంచెం వడ్డీ పడుతుంది, కొత్త మ్యాండేట్ మీద సంతకం కావాల్సి రావచ్చు. బండి కొనేటప్పుడు షోరూంలోనే "నా జీతం 8కి పడుద్ది, తేదీ 10 వేయండి" అంటే ఆ తిప్పలు కూడా లేవు. అక్కడ సేల్స్ కుర్రాడు అడగడు, మనం చెప్పం. కాగితాల మీద సంతకాలు అయిపోతాయి.

అడిగేటప్పుడు నోటి మాటతో సరిపెట్టుకోకండి. ఈమెయిల్ గానీ, శాఖలో ముద్ర వేయించుకున్న అర్జీ నకలు గానీ ఉండాలి. వాయిదాకి రెండు వారాల ముందు అడగాలి. 3వ తేదీన వెళ్లి 5 మార్చమంటే కుదరదు, ఎందుకంటే ఆ నెల జాబితా అప్పటికే బ్యాంకులకి వెళ్లిపోయి ఉంటుంది. అదే కారణం చేత, గడువుకి ఒకటి రెండు రోజుల ముందు యూపీఐలో వాయిదా కట్టేసినా, మ్యాండేట్ కూడా వచ్చి రెండోసారి తెగే ప్రమాదం ఉంది. ముందే కట్టాలనుకుంటే వారం ముందు కట్టి, ఈ నెల పంపొద్దని చెప్పించుకోవాలి.

ఇంకో రెండు సంగతులు. 2021 ఆగస్టు 1 నుంచి వాయిదాలు కోసే ఈ మ్యాండేట్ వ్యవస్థ ఆదివారాలు, పండగల్లో కూడా నడుస్తోంది. "5 ఆదివారం, సోమవారం వేద్దాంలే" అనే పాత లెక్క ఇప్పుడు బౌన్స్ చేయిస్తుంది. కోత తెల్లవారుజామునే అయిపోవచ్చు కూడా, కాబట్టి డబ్బు ముందు రోజు సాయంత్రానికి ఖాతాలో ఉండాలి. బ్యాంకు మూసేశాక డిపాజిట్ మెషీనో, పక్కింటివాళ్ల యూపీఐయో దిక్కు.

మే నెలాఖరు మీద కన్నేయండి. ప్రధానమంత్రి బీమాలు (జీవన్ జ్యోతి, సురక్ష) రెండూ ఉంటే 436, 20 రూపాయలు మే 25 నుంచి 31 మధ్యలో తెగుతాయి. ఆ 456 పోయిన సంగతి గుర్తులేక జూన్ 5న బౌన్స్ అయ్యేవాళ్లు ఉంటారు. బీమా మానేయమని కాదు, ఆ నెల అయిదు వందలు ఎక్కువ ఉంచమని.

## ఆ ఒక్క వారానికి డబ్బు ఎక్కడ తేవాలి

తేదీ మారేలోపు, లేదా మారినా ఎప్పుడో ఒక నెల తప్పినప్పుడు, ఈ దారులు మిగులుతాయి. లెక్క 3,500కి.

| దారి | ఖర్చు | ఎంత త్వరగా | మెలిక |
|---|---|---|---|
| చేబదులు | సున్నా | వెంటనే | చెప్పిన రోజుకి ఇవ్వాలి |
| డ్వాక్రా సంఘం పొదుపు నుంచి, నూటికి రూపాయి | నెలకి 35 | సమావేశం రోజును బట్టి | సంఘానికి బాకీ పెట్టకూడదు |
| నూటికి 2–3 రూపాయల వడ్డీ | నెలకి 70–105 | వెంటనే | వడ్డీ కడుతూ అసలు మిగిలిపోవడం |
| ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ వాడుకోనిచ్చే అప్పు) | 7.5 శాతం చొప్పున వారానికి 5 | ముందే తీసి ఉంటే వెంటనే | డిపాజిట్ ఉండాలి |
| జన్‌ధన్ ఓడీ | నెలకి ముప్పై, నలభై | ముందే మంజూరై ఉండాలి | అందరికీ ఇవ్వరు |
| బంగారం మీద బ్యాంకు రుణం | 10 శాతం చొప్పున నెలకి 29, మదింపు ఫీజు అదనం | ఒక పూట | చిన్న మొత్తానికి ఫీజే బరువు |
| క్రెడిట్ కార్డుతో నగదు | ఫీజే 500 చుట్టూ, రోజు నుంచే వడ్డీ | వెంటనే | బౌన్స్‌తో సమానం |
| బౌన్స్ కానివ్వడం | 700–1,200 | | సిబిల్, ఫోన్లు |

నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. వినడానికి ఘోరం. అయినా ఒక నెలకి 105 రూపాయలే, బౌన్స్‌లో పదో వంతు. ఇది చెబితే "వడ్డీకి తెమ్మంటావేటి?" అని కోప్పడతారు. ఒక్క నెలకి, తిరిగి ఇచ్చే తేదీ ఖాయంగా తెలిసినప్పుడు, అవును. అసలు అలాగే ఉంచి వడ్డీ మాత్రం ఏడాది కడితే 1,260 పోతుంది, 3,500 అప్పు అలాగే ఉంటుంది. కాబట్టి జీతం రావడం నాలుగు రోజులు ఆలస్యమైనవాళ్లకి ఇది దారి. ఆదాయమే తగ్గిపోయినవాళ్లకి కాదు.

డైలీ ఫైనాన్స్‌ని దీంతో కలిపి చూడకండి. పదివేలని రాసి 9,000 చేతికిచ్చి, రోజుకి 100 చొప్పున వంద రోజులు వసూలు చేసే పద్ధతి లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 77 శాతం. 590 రూపాయల కొరతకి పదివేలు ఎందుకు తీసుకోవాలి అన్నది అసలు ప్రశ్న.

సంఘం దారి నాకు నచ్చినది. పొదుపు మనదే, వడ్డీ తిరిగి సంఘానికే చేరుతుంది, సిబిల్ గొడవ లేదు. ఇబ్బంది ఏమిటంటే సమావేశం నెలకి ఒకటో రెండో, 5వ తేదీకి కుదరకపోవచ్చు. సమావేశం నెలాఖరున పెట్టుకోమని సంఘంలో అడగండి, చాలా ఇళ్లకి కలిసొస్తుంది. సంఘం బ్యాంకు రుణం తీసుకుని ఉంటే మీ ఒక్కరి బాకీ పదిమందినీ ఇరకాటంలో పెడుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

జన్‌ధన్ ఓడీ గురించి విన్నవాళ్లు ఎక్కువ, తీసుకున్నవాళ్లు తక్కువ. 2018లో దీన్ని 5,000 నుంచి 10,000కి పెంచారు. 2,000 దాకా షరతులు పెద్దగా లేవు. ఖాతా ఆరు నెలలు సక్రమంగా నడిచి ఉండాలి, ఇంటికి ఒకరికే, ఆడవాళ్లకి ప్రాధాన్యం, వయసు 18 నుంచి 65. ఖాతాలో ఎప్పుడూ సున్నా ఉంచేవాళ్లకి రాదు. జనంలో ఉన్న పొరపాటు ఏమిటంటే ఇది ప్రభుత్వం ఇచ్చే డబ్బనుకోవడం. అప్పే. తీసుకోకపోయినా పర్వాలేదు గానీ మంజూరు చేయించుకుని ఉంచుకుంటే 590 కొరత వచ్చిన రోజు అక్కరకొస్తుంది.

వడ్డీ కట్టే దారుల్లో డిపాజిట్ మీద ఓడీ నిజానికి అన్నిటికన్నా చవక. డిపాజిట్‌లో 90 శాతం దాకా వాడుకోవచ్చు, వడ్డీ డిపాజిట్ రేటు కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ, వాడిన రోజులకే. డబ్బు కటకటలో ఉన్నవాడికి డిపాజిట్ ఎక్కడిదంటారా? సంక్రాంతి బోనస్సో, జీడి అమ్మిన డబ్బో ఒక పదివేలు వచ్చినప్పుడు దాన్ని విడిగా ఉంచితే కరిగిపోతుంది. డిపాజిట్ చేసి దానిమీద ఓడీ తెరిపిస్తే ఎన్నేళ్లయినా పనికొస్తుంది.

లోన్ యాప్‌ల మీద ఎక్కువ రాయను. ఏడు రోజుల గడువుతో, ముందే కోత కోసి ఇచ్చేవాటి జోలికి వెళ్తే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. తీసుకోక తప్పదనుకుంటే, ఏడాది వడ్డీ ఎంతో చూపే వివరపత్రం ముందే ఇవ్వాలి, డబ్బు నేరుగా మీ ఖాతాలోకే రావాలి. ఫోన్‌లో కాంటాక్టులు, ఫోటోలు అడిగిందంటే తీసేయండి.

## ఎవరికి ఏది

కాంట్రాక్టు జీతగాడు. తేదీ మార్పు మొదటి పని. అది అయ్యేదాకా చేబదులు. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తేలిగ్గా దొరుకుతుంది, వడ్డీ లేనట్టే కనిపిస్తుంది. కానీ బాకీ ఉన్నన్నాళ్లూ వేరే చోట కూలి ఎక్కువిచ్చినా వెళ్లలేరు. ఒక నెలకి సరే, అలవాటుగా వద్దు.

వేట కుటుంబాలు. గార, ఎచ్చెర్ల, కవిటి తీరంలో లెక్క నెలది కాదు, ఏడాదిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. ప్రభుత్వం ఇచ్చే 20,000 సాయం 2025లో ఏప్రిల్ 26న ఎచ్చెర్ల వైపు బుడగట్లపాలెంలోనే మొదలుపెట్టారు. అది తిండికి సరిపోవచ్చు, రెండు వాయిదాలకి కూడా సరిపోవాలంటే కష్టం. ఇలాంటివాళ్లకి నెలవారీ ఈఎంఐ ఉన్న బండి ఫైనాన్సే సరిపడని బట్ట. బంగారం ఉంటే, ఏడాది చివర ఒకేసారి కట్టే బ్యాంకు బంగారు రుణం వీళ్ల ఆదాయానికి సరిపోతుంది. రెండున్నర లక్షల లోపు రుణానికి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చని 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది, 2026 ఏప్రిల్ 1 గడువుగా. ఇప్పటికే ఈఎంఐ ఉంటే మార్చిలోనే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి రెండు నెలల ఏర్పాటు అడగాలి. మే నెలలో అడిగితే అప్పటికి ఒకటి బౌన్స్ అయ్యే ఉంటుంది.

వలసవెళ్లినవాళ్ల ఇల్లు. భర్త చెన్నైలోనో హైదరాబాద్‌లోనో, ఈఎంఐ ఇక్కడి ఖాతాలో. డబ్బు పంపే తేదీ, తెగే తేదీ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. మెసేజ్ వచ్చే నంబరు పనిచేస్తున్నదో లేదో చూసుకోండి. సిమ్ మారిపోయి, బ్యాంకులో పాత నంబరు ఉండి, మూడు నెలల కోతల సంగతి పాస్‌బుక్ ముద్రించాక తెలిసేవాళ్లు ఎందరో.

చిన్న దుకాణం. ఇక్కడ చెక్కుల ప్రమాదం అదనం. చెక్కు బౌన్స్ అయితే చార్జీతో ఆగదు. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. మ్యాండేట్ బౌన్స్‌కి కూడా 2007 నాటి చెల్లింపుల చట్టంలో ఇలాంటి సెక్షన్ ఉంది, అది చాలామందికి తెలియదు. హోల్‌సేల్ వ్యాపారికి ముందు తేదీ చెక్కు ఇచ్చి నిల్వ లేదనిపిస్తే, చెక్కు వేయకముందే ఫోన్ చేసి సగం యూపీఐలో కొట్టి తేదీ మార్పించుకోవాలి. ఇచ్చిపుచ్చుకునేవాళ్ల మధ్య అది కుదురుతుంది. ఫైనాన్స్ కంపెనీతో అలా కుదరదు.

## కోత పడిపోయాక

ముందు కంపెనీ మళ్లీ పంపే తేదీ కనుక్కోండి. ఆ లోపు నేరుగా కట్టేసి రసీదు తీసుకుంటే రెండో రిటర్న్ తప్పుతుంది. తర్వాత రెండు చోట్లా మాఫీ అడగాలి. మొదటిసారి బౌన్స్ అయినవాళ్లకి కంపెనీలు తమ చార్జీ తగ్గించడం కద్దు. బ్యాంకు చార్జీ మేనేజర్ తలచుకుంటే తిరిగి వేయవచ్చు, సాధారణంగా ఏడాదికి ఒకసారి మించి ఆశించొద్దు.

ఆలస్యానికి వేసిన జరిమానా మీద మళ్లీ వడ్డీ వేస్తున్నారేమో స్టేట్‌మెంట్‌లో చూడండి. 2024 ఏప్రిల్ 1 నుంచి అది కుదరదు. వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు. మీరు కట్టేసిన వాయిదాకి కూడా చార్జీ వేసినా, తిరిగి ఇస్తామని ఇవ్వకపోయినా, ముందు బ్యాంకుకో కంపెనీకో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మొదటి ఫిర్యాదు నకలు, పాస్‌బుక్‌లో కోత పడిన పేజీ దగ్గర పెట్టుకుని చేయండి, ముందు అడిగేది ఆ తేదీలే.